ఏడడుగుల మూలలో శిల్పంలా ఒదిగే పనిగది: సలహాలు కావాలి

ప్రశ్న (నిజాంపేట, హైదరాబాదు)

అందరికీ నమస్కారం. నిజాంపేటలో పదేళ్ల కిందట కట్టిన అపార్టుమెంటులో మాది రెండు పడకగదుల సొంత ఫ్లాటు. నేను పాఠ్యపుస్తకాల సంపాదకురాలిని. కొన్నేళ్లుగా నా పని మొత్తం ఇంటి నుంచే సాగుతోంది కనుక, హాలు చివర భోజనాల బల్ల కోసమని బిల్డరు వదిలిన మూలను పనిగదిగా మార్చుకోవాలని ఇంట్లో అందరం కలిసి నిర్ణయించుకున్నాం.

ఆ మూల కొలతలు చెబుతాను. ఎదురుగా తూర్పు గోడ పొడవు 7 అడుగులు, లోతు అయిదున్నర అడుగులు. ఎడమ వైపున ఉత్తరపు గోడలో 4 అడుగుల వెడల్పు కిటికీ ఉంది. కుడి వైపు వంటింటి గోడ. తూర్పు గోడా వంటింటి గోడా కలిసే ఆగ్నేయ మూలలో ఒక స్తంభం తూర్పు గోడలో 12 అంగుళాల మేర ఆక్రమించి, గది లోపలికి 9 అంగుళాలు పొడుచుకు వచ్చింది. పైన దూలం ఉండటం వల్ల తూర్పు గోడ దగ్గర ఎత్తు 8 అడుగులే దొరుకుతుంది. పడమటి వైపు హాలులోకి తెరిచే ఉంటుంది కాబట్టి, ఇంటికి వచ్చిన ప్రతివారికీ మొదట కనబడేది ఈ మూలే.

చూడటానికి వచ్చిన ఇంటీరియరు వారందరూ ఒకే నమూనా చూపించారు: తెల్ల మైకా అంటించిన పెట్టెలాంటి బల్ల, పైన మూడు పెట్టెలు, స్తంభానికి చుట్టూ ప్యానలింగ్. అందులో తప్పు లేదు, కానీ రోజంతా కూర్చునే చోటు నాకు అలా ఉండకూడదు. గోడా, బల్లా, పుస్తకాల గూళ్లూ వేరు వేరు వస్తువులుగా కాకుండా, ఒకే రాతిలోంచి మలిచినట్లు ఒకదానిలోంచి మరొకటి పుట్టుకొచ్చినట్లుండాలని నా కోరిక. పల్లెలో మా అమ్మమ్మగారి మట్టింట్లో గూళ్లూ అరుగులూ గోడలో భాగంగానే ఉండేవి. ఆ భావం నాకు కావాలి, పాత ఇంటి అనుకరణ మాత్రం అక్కరలేదు.

నా అవసరాలు ఇవి. ఒక పెద్ద మానిటరు, కాగితం మీద ప్రూఫులు దిద్దడానికి చోటు, నిఘంటువులతో కలిపి తొమ్మిది పది అడుగుల వరస పుస్తకాలు, వారంలో చాలాసార్లు వీడియో సమావేశాలు. నా ఎత్తు 5 అడుగుల ఒక అంగుళం. ఖర్చు రెండు లక్షల లోపు ఉండాలి. ఇంత చిన్న చోట శిల్పంలాంటి రూపం సాధ్యమేనా, సాధ్యమైతే దేనితో చేయించాలి, వంపుల వల్ల ఉన్న కాస్త జాగా వృథా అవుతుందా అన్నవి నా సందేహాలు. తూర్పు ముఖంగా కూర్చోవాలని మా అత్తగారి మాట. అది కూడా నిలబెట్టాలని ఉంది.

సమాధానం 1 (ఆర్కిటెక్టు, విశాఖపట్నం)

మేడమ్, సాధ్యమే. చిన్న చోటే ఇలాంటి పనికి ఎక్కువ అనుకూలమని నా నమ్మకం, ఎందుకంటే కూర్చున్న చోటు నుంచి మొత్తం రూపం ఒక్క చూపులో అందుతుంది. ఫ్రాన్సులోని రోక్‌బ్రూన్ కాప్ మార్తాన్‌లో ప్రసిద్ధ ఆర్కిటెక్టు లె కొర్బూజియే 1952లో తన కోసం కట్టుకున్న విడిది గది లోపల 3.66 మీటర్ల చదరం, ఎత్తు 2.26 మీటర్లు మాత్రమే. మంచం, బల్ల, అలమర, కిటికీ రెక్క లోపలి వైపు బిగించిన అద్దం, ఇవన్నీ ఒకే కూర్పుగా ఆలోచించినవి కావడం వల్లనే ఆ గది అంత పేరు పొందింది. అందులో వంపులు దాదాపు లేవు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది: శిల్పం అనగానే కమాను, అలలాంటి సీలింగు, గుండ్రటి అద్దం, గాడులు పడిన ప్యానెలు అన్నీ ఒకేసారి గుర్తుకు వస్తాయి. 38 చదరపు అడుగుల్లో అవన్నీ చేరితే ఏ ఒక్కదానికీ ఊపిరి ఆడదు. మీ మూలలో కదలిక, అంటే కంటిని వెంట నడిపించే వంపు, ఒక్కటే ఉండాలి, మిగిలినవన్నీ దానికి లోబడి ఉండాలి.

ఆ ఒక్క కదలికను ఎక్కడ మొదలుపెట్టాలో మీ స్తంభమే చెబుతోంది. ఇంటీరియరు వారు దాన్ని దాచాలని చూస్తారు; నేనైతే దాని దగ్గరే మొదలుపెడతాను. స్తంభం 9 అంగుళాలు ముందుకు వచ్చిందంటే మీకు 9 అంగుళాల లోతున్న పుస్తకాల గూడు ఉచితంగా దొరికినట్లే, ఎందుకంటే ఎ4 కొలత పుస్తకానికి కూడా ఎనిమిదిన్నర అంగుళాల లోతు చాలు. తూర్పు గోడ 84 అంగుళాల్లో కుడి చివర 12 అంగుళాలు స్తంభానికి పోతాయి. దాని పక్కన 36 అంగుళాల మేర గోడను స్తంభంతో సమానంగా ముందుకు తెచ్చి అందులో మూడు వరసల గూళ్లు పెట్టండి. మిగిలిన 36 అంగుళాల్లో ఆ మందం 9 నుంచి సున్నాకు మెల్లగా కరిగి కిటికీ దగ్గర అసలు గోడలో కలిసిపోవాలి. బల్ల ముందంచు కూడా అదే దారిలో నడవాలి: కిటికీ వైపు లోతు 18 అంగుళాలు, మీరు కూర్చునే చోట 24, స్తంభం వైపు 30. అప్పుడు గోడా బల్లా రెండూ స్తంభం వైపు బలుస్తూ, వెలుతురు వైపు సన్నబడుతూ వస్తాయి. చూసేవారికి ఇక స్తంభం అడ్డంగా అనిపించదు. ఆ రూపమంతటికీ వేరులా కనిపిస్తుంది.

వంపు వల్ల జాగా పోతుందేమోనన్న మీ భయానికి ఈ కొలతలే జవాబు. కిటికీ దగ్గర బల్ల లోతు తగ్గడం వల్ల రెక్క తీయడానికీ పరదా జరపడానికీ చెయ్యి అందుతుంది. కుడి వైపున గూళ్లకు 9 అంగుళాలు పోయినా ఇంకా 21 అంగుళాలు మిగులుతాయి కాబట్టి ప్రూఫులు పరుచుకోవచ్చు. మీరు కూర్చునే చోట బల్ల వెనుక 42 అంగుళాల ఖాళీ ఉంటుంది. చక్రాలున్న ఆఫీసు కుర్చీ వెనక్కి జరిగి తిరగడానికి 36 చాలు.

బల్ల ఎత్తు విషయంలో మాత్రం మేస్త్రి అలవాటుగా పెట్టే 30 అంగుళాలకు ఒప్పుకోకండి. మీ ఎత్తుకు అది ఎక్కువ. భుజాలు పైకి లేచి సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కుర్చీ సర్దుకుని కూర్చొని, మోచెయ్యి వంచి, నేల నుంచి మోచేతి వరకు కొలిపించండి. ఆ కొలతే మీ బల్ల ఎత్తు. బహుశా 27 అంగుళాల లోపే వస్తుంది. ఇంట్లో మరొకరు కూడా వాడేటట్లయితే 28 పెట్టించి, మీ కోసం పాదాల కింద ఒక పీట వేసుకోండి.

గోడను తొలిచి గూళ్లు చేయాలని ఎవరైనా అంటే వద్దనండి. గదుల మధ్య గోడ సాధారణంగా నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, తొలిచేంత మందం దానికి లేదు. స్తంభాన్నీ దూలాన్నీ చెక్కడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. (ఈ చర్చ చదివే ఇతరులకు ఒక మాట: ఇప్పుడు హైదరాబాదులో ఎత్తయిన టవర్లు చాలావరకు మివాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి, కడుతున్నారు. వాటిలో గోడలే భవనాన్ని మోసే కాంక్రీటు కాబట్టి చిన్న గాడి కొట్టాలన్నా ఇంజనీరు అనుమతి ఉండాలి.) కాబట్టి మీది తొలిచే శిల్పం కాదు, ముందుకు పోసే శిల్పం.

ఫెర్రోసిమెంటు (ఇనుప జాలీ మీద పలచగా సిమెంటు పూసే పద్ధతి) గురించి ఎవరైనా చెప్పవచ్చు. అహ్మదాబాదులో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి, చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కలిసి రూపొందించిన 'గుఫా' అనే చిత్రశాల పైకప్పు గుమ్మటాలు సుమారు ఒక అంగుళం మందపు ఫెర్రోసిమెంటుతో కట్టినవే. చూసి తీరవలసిన కట్టడం అది. కానీ ఆ మందంలో చదరపు మీటరుకు సుమారు 60 కిలోల బరువు ఉంటుంది. నివాస గదుల నేలను చదరపు మీటరుకు 200 కిలోల వాడకపు బరువు లెక్కతో డిజైన్ చేస్తారు. అందులో అంత భాగాన్ని అలంకారానికే ఖర్చు పెట్టడం, పైగా నివాసం ఉంటున్న ఇంట్లో తడి పని పెట్టుకోవడం మంచిది కాదు. చెక్కతోనే చేయించండి.

మేస్త్రిని పిలిచే ముందు ఒక పని తప్పకుండా చేయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టెలు సంపాదించి, బల్లను అసలు కొలతలో కోసి, తాత్కాలికంగా స్టూళ్ల మీద నిలబెట్టి, కొన్నాళ్లు దాని మీదే పని చేయండి. మోచెయ్యి ఎక్కడ ఆనుతోంది, నిఘంటువు కోసం చెయ్యి ఎటు చాస్తున్నారు, కుర్చీ ఎక్కడ తగులుతోంది అన్నవి అట్ట మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. బల్ల అంచు ఆ గుర్తుల వెంట నడిస్తే ఆ వంపుకు ఒక కారణం ఉంటుంది. కారణం ఉన్న వంపు పదేళ్లయినా విసుగు పుట్టించదు.

మీ అత్తగారి మాట దానంతట అదే నెగ్గింది. తూర్పు ముఖంగా కూర్చుంటే ఉత్తరపు కిటికీ ఎడమ చేతి వైపున ఉంటుంది. ఉత్తరపు వెలుగు రోజంతా నిలకడగా ఉంటుంది, మానిటరు మీద ప్రతిబింబం పడదు, కుడిచేత్తో రాసేవారికి చేతి నీడ కాగితం మీద పడదు.

సమాధానం 2 (చెక్కపని కాంట్రాక్టరు, రాజమహేంద్రవరం)

ఆర్కిటెక్టుగారు చెప్పిన రూపం బాగుంది. దాన్ని చేతులతో చేసేవాడిగా నేను చెప్పగలిగింది చెబుతానమ్మా.

ప్లైవుడ్ ఒక దిక్కుకే వంగుతుంది. కాగితాన్ని గొట్టంలా చుట్టగలం గానీ బంతికి ముడతలు లేకుండా తొడగలేం. ప్లైవుడ్ కూడా అంతే. అమెరికాలో ఫర్నిచరు డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1940ల్లో ప్లైవుడ్‌ను రెండు దిక్కులా వంచి ఒకే ముక్కగా కుర్చీ చేయాలని ఎంతో శ్రమించారు. చెక్క పగలడంతో చివరికి వీపు భాగాన్నీ కూర్చునే భాగాన్నీ వేరు చేశారు. అందువల్ల మీ రూపంలో ఎక్కడెక్కడ ఒక దిక్కు వంపు ఉంది, ఎక్కడ రెండు దిక్కుల వంపు ఉంది అన్నది డ్రాయింగులోనే తేల్చుకోవాలి. 36 అంగుళాల్లో 9 అంగుళాలు కరిగే గోడ వంపును రెండు సమాన చాపాలుగా గీస్తే ఒక్కొక్కదాని వ్యాసార్ధం సుమారు 38 అంగుళాలు వస్తుంది. అది చాలా ఉదారమైన వంపు, ఏ ఇబ్బందీ లేదు. స్తంభం అంచును గుండ్రంగా తిప్పే చోట మాత్రం 8 అంగుళాల వ్యాసార్ధానికి తగ్గకుండా చూసుకోండి. అక్కడ సులువుగా వంగేలా తయారుచేసిన ఫ్లెక్సీ ప్లైవుడ్ వాడాలి.

లోపలి అస్థిపంజరం 18 మి.మీ. ప్లైవుడ్‌తో కోసిన పక్కటెముకల్లాంటి రిబ్బులు. వాటిని అడుగుకొకటి చొప్పున నిలబెట్టి, పైన ఫ్లెక్సీ ప్లైవుడ్‌ను రెండు పొరలుగా, మొదటి పొర అతుకు మీద రెండో పొర అతుకు పడకుండా, జిగురుతో అంటించి క్లాంపులు బిగించాలి. ఒకే పొర వేస్తే రిబ్బు ఉన్న చోట గీతలా ఉబ్బి కనబడుతుంది. పని ముగిసినప్పుడు కనబడకపోయినా దీపం పక్కనుంచి పడగానే బయటపడుతుంది. వంటింటి గోడ ఆనుకుని ఉంది కాబట్టి కింది రిబ్బులకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ఎమ్‌డీఎఫ్ (చెక్కపీచును అదిమి చేసిన బోర్డు) చవక, కోయడం సులువు, కానీ గోడలో చెమ్మ ఉంటే అంచులు ఉబ్బిపోతాయి.

గూళ్ల విషయంలో ఒక లెక్క. పుస్తకాలు అడుగు వరసకు సుమారు 10 కిలోలు తూగుతాయి, నిఘంటువులైతే ఇంకా ఎక్కువ. 18 మి.మీ. పలక 36 అంగుళాల నిడివికి మధ్యలో ఆధారం లేకుండా ఉంటే కాలక్రమంలో కిందికి వంగుతుంది. కనుక మధ్యలో ఒక నిలువు పలక పెట్టించండి. ఆ బరువంతా నాలుగున్నర అంగుళాల గోడకు మేకులతో వేలాడదీయకుండా కింద బల్ల మీదికి, బల్ల నుంచి నేల మీదికి దిగేలా చూడాలి. అందుకే కుడి వైపు బల్ల కింద నేల దాకా మూసిన పెట్టె ఉండాలి. ప్రింటరు, యూపీఎస్, సొరుగులు అందులోకి పోతాయి, దాని వెనుక పలకలో గాలి ఆడే రంధ్రాలు మరవకూడదు.

బల్ల పలక రెండు 18 మి.మీ. పొరలతో ఒకటిన్నర అంగుళాల మందం ఉంటే ఎడమ వైపు కాలు లేకుండా ఒక్క ఇనుప బ్రాకెట్ మీద నిలుస్తుంది. మందం ఎక్కువైతే మొరటుగా ఉంటుందని మీకు అనిపించవచ్చు. ముందంచు కింది వైపు నాలుగు అంగుళాల మేర ఏటవాలుగా చిత్రిక పట్టిస్తే, నిలబడి చూసేవారికి ముప్పాతిక అంగుళం అంచే కనబడుతుంది. బల్ల గాలిలో తేలినట్లుంటుంది, మోకాళ్లకూ చోటు పెరుగుతుంది. నా అనుభవంలో శిల్పంలాంటి పనికీ మామూలు పనికీ తేడా తెలిసేది ఇలాంటి అంచుల దగ్గరే.

బల్లా స్తంభమూ కలిసే ఒక్క చోట రెండు దిక్కుల వంపు తప్పదు. అక్కడ ప్లైవుడ్‌తో కుస్తీ పట్టకుండా, టేకు ముక్కలను జిగురుతో అతికించి దిమ్మ చేసి, ఉలితోనూ ఆకురాయితోనూ చేతితో మలిపించండి. జానెడు ముక్కే అయినా మంచి పనివాడికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ కూలికి బేరం ఆడకండి.

మైకా విషయం. మామూలు 1 మి.మీ. మైకా బిగువైన వంపు దగ్గర పగులుతుంది. బల్ల మీదికి టేకు వెనీరు (పలచని టేకు పొర) వేసి, మెరుపు లేని పీయూ (పాలియురెథేన్) పాలిష్ కొట్టించండి. రోజూ చేతులు ఆనే చోట అదే హాయిగా ఉంటుంది.

సమాధానం 3 (శిల్పి, హైదరాబాదు)

పైన ఇద్దరూ రూపం గురించీ నిర్మాణం గురించీ చక్కగా చెప్పారు. ఒక్క విషయం మిగిలింది: కాంట్రాక్టరుగారు బల్లకు పాలిష్ చెప్పారు, గోడకు పైపూత సంగతి చెప్పలేదు. గోడ భాగానికి కూడా పాలిష్ కొట్టిస్తే మొత్తం పెద్ద ఫర్నిచరులా మిగిలిపోతుంది. శిల్పాన్ని కంటికి చూపించేది నీడ. మెరిసే ఉపరితలం మీద నీడ నిలవదు, ఎదుటి దీపం మాత్రమే కనబడుతుంది. కాబట్టి బల్ల చెక్కలా, గోడ గోడలా ఉండనివ్వండి.

గోడకు సున్నపు గార చేయించమని నా సలహా. మన ఊరికి ఇది కొత్త కాదు. 1591 నాటి చార్మినారు మీదా, కుతుబ్‌షాహీ సమాధుల మీదా, సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధుల మీదా ఉన్న లతలూ జాలీలూ గార పనివారి చేతి చలవే. ఒక ఆదివారం ఉదయం పైగా సమాధులకు వెళ్లి, ఎండ పక్కవాటుగా పడుతున్నప్పుడు ఒక గోడ ముందు నిలబడి చూడండి. అర అంగుళం లోతున్న గాడి కూడా ఎంత నీడను పట్టి ఉంచుతుందో అర్థమవుతుంది. మీ ఉత్తరపు కిటికీ వెలుగు తూర్పు గోడను సరిగ్గా అలాగే పక్కనుంచి రాసుకుంటూ వస్తుంది. ఆర్కిటెక్టుగారు గీసిన వంపు ఆ వెలుగుకు ఎదురొడ్డి నిలుస్తుంది కాబట్టి ఉదయం నుంచి సాయంత్రం దాకా దాని మీద మెత్తని నీడ నిలిచి ఉంటుంది. ఇంతకు మించిన అలంకారం ఆ గోడకు అక్కరలేదు.

గార ప్లైవుడ్ మీద నేరుగా పట్టదు. చెక్క వాతావరణాన్ని బట్టి కదులుతుంది, గార కదలదు. ఆర్నెల్లు తిరక్కుండానే వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. గోడ వంపు మీద రెండో పొర ఫ్లెక్సీ ప్లైవుడ్‌కు బదులు 6 మి.మీ. సిమెంటు బోర్డును స్క్రూలతో బిగించి, అతుకుల మీద ఫైబరు జాలీ అంటించి, ఆ పైన గార వేయించాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి దానికి వారాలు పడుతుంది. ఎండాకాలంలో అయితే త్వరగా ఎండి పగలకుండా తడి గుడ్డ కప్పాలి. పాలరాతి పొడి కలిపిన చివరి పూతను తాపీతో నునుపు చేసి, రంగు వేయకుండా వదిలేయండి. ఆ తెలుపులో ఒక మెత్తదనం ఉంటుంది, డిస్టెంపరుతో అది రాదు.

మేస్త్రికి కాగితం మీద గీసి ఇస్తే సరిపోతుందని అనుకోవద్దు. మార్కెట్లో దొరికే బంకమట్టితో అడుగుకు రెండు అంగుళాల లెక్కన చిన్న నమూనా మీరే చేయండి; మీ ఏడడుగుల గోడ పద్నాలుగు అంగుళాలు అవుతుంది. కళ్లు మూసుకుని దాని మీద బొటనవేలు నడపండి. వేలు ఆగిన చోట వంపు తప్పిందని అర్థం. తరువాత అసలు కొలతలో గీసేటప్పుడు నేల మీద ప్లైవుడ్ పరిచి, ముఖ్యమైన బిందువుల దగ్గర మేకులు కొట్టి, వాటి వెంట సన్నని చెక్క బద్దను వంచి, ఆ బద్ద పక్కగా పెన్సిలు నడపాలి. చెక్క తనంతట తాను ఎక్కడా విరగకుండా వంగుతుంది కాబట్టి ఆ గీతలో కుదుపు ఉండదు. పడవలు కట్టేవారు తరతరాలుగా గీత గీసే పద్ధతి ఇదే.

రాత్రి వెలుతురుకు కూడా ఇదే సూత్రం. సీలింగు మధ్యనుంచి పడే దీపం వంపును చదును చేసి చంపేస్తుంది. కింది గూడు పలక అంచు వెనుక అల్యూమినియం ప్రొఫైల్‌లో ఎల్ఈడీ పట్టీ దాచి, వెలుగు గోడను ఆనుకుని జారేలా చేయండి. ప్రూఫులు దిద్దే కాగితం మీద మాత్రం 500 లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలత) వెలుగు ఉండాలి, దానికి చేతికి అందే బల్లదీపం విడిగా అవసరం. పసుపుకూ నీలి తెలుపుకూ నడుమ ఉండే 4000 కెల్విన్ రంగు మీ పనికి సరిపోతుంది.

సమాధానం 4 (డాలస్, టెక్సస్)

అమెరికాలో ఉన్న మన తెలుగువారు ఎవరైనా ఇది చదివి ఇలాంటిదే చేయించాలనుకుంటే, ఇక్కడి గోడలతో పద్ధతి తిరగబడుతుందని చెప్పాలనిపించింది. మా ఇంటి లోపలి గోడలు 16 అంగుళాలకు ఒకటి చొప్పున నిలబెట్టిన కర్రల మీద జిప్సం బోర్డు బిగించినవి. రెండు కర్రల నడుమ పద్నాలుగున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల లోతు ఖాళీగా ఉంటుంది. తీగలూ గొట్టాలూ లేవని నిర్ధారించుకుని, బరువు మోసే గోడ కాదని తెలుసుకుని, ఆ ఖాళీని గూడుగా తెరవవచ్చు. అంటే ఇక్కడ నిజంగానే తొలిచే శిల్పం చేయవచ్చు. వంపులకు పావు అంగుళం మందపు, వంగే జిప్సం బోర్డు రెండు పొరలుగా వాడతారు. నేను రెండడుగుల లోతున్న బట్టల అలమరకు తలుపులు తీయించి, లోపలి మూలలన్నీ ఇలా గుండ్రంగా తిప్పించి పనిగది చేసుకున్నాను.

వీడియో సమావేశాలు ఉన్నాయన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. లోపలికి వంగిన గట్టి ఉపరితలం ధ్వనిని ఒక చోటికి కూడగడుతుంది. నా అలమరలో మొదట గొంతు డబ్బాలోంచి వచ్చినట్లు వినిపించేది. వెనుక మందపాటి నూలు పరదా వేలాడదీశాక సర్దుకుంది. మీ గూళ్లలోని పుస్తకాలు కొంత ధ్వనిని పీల్చుకుంటాయి, అయినా కిటికీకి చేనేత పరదా మందంగా వేయించండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఆర్కిటెక్టుగారి కొలతల ప్రకారం అట్ట నమూనా నిలబెట్టాం. మోచేతి కొలత 26 అంగుళాల ముప్పాతిక వచ్చింది. కుడి వైపు 30 అంగుళాల లోతు ఎక్కువేమో అనుకున్నాను, కానీ ప్రూఫుల కట్ట, పక్కన తెరిచిన నిఘంటువు పెట్టాక ఆ చోటు విలువ తెలిసింది. ఎడమ అంచు మాత్రం పరదా కుచ్చుకు తగులుతోంది, 16 అంగుళాలకు తగ్గిస్తాను. మా అత్తగారు వచ్చి ఆ అట్ట బల్ల ముందు కూర్చొని, గూళ్లలో కింది వరస తన చేతికి అందేలా ఉండాలని, అక్కడ ఒక గూడు దీపానికి వదలమని అడిగారు. ఆ గూడు తప్పకుండా ఉంటుంది.

రెండు సందేహాలు మిగిలాయి. రేపు ఫ్లాటు అమ్మవలసి వస్తే ఇదంతా విప్పి తీసుకువెళ్లగలమా? వైర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలి?

సమాధానం 5 (చెక్కపని కాంట్రాక్టరు, రాజమహేంద్రవరం)

మొదటి దానికి జవాబు: మొదటినుంచీ మూడు భాగాలుగా చేయిస్తే విప్పవచ్చు. గూళ్ల భాగం ఒకటి, బల్ల ఒకటి, కింది పెట్టె ఒకటి. వాటిని జిగురుతో కాకుండా లోపలి వైపునుంచి బోల్టులతో కలపాలి. బోల్టు తలలు గూటి లోపలి పక్కన, పుస్తకాల వెనుక దాగుతాయి. గార వేసిన వంపు భాగాన్ని మాత్రం వదులుకోవాలి, అది గోడతోనే ఉండిపోతుంది. గూళ్లకూ గారకూ మధ్య పావు అంగుళం గాడి వదిలిపెట్టండి. విప్పేటప్పుడు గార పగలదు, ఈలోగా ఆ సన్నని నీడ గీత చూడటానికి కూడా బాగుంటుంది. పని మొదలుపెట్టే ముందు మీ లిఫ్టు తలుపు ఎత్తూ లోపలి ఐమూలా కొలవండి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు చాలా లిఫ్టుల్లో పట్టదు, మెట్ల మీదుగా మోయించాల్సి వస్తుంది. అది వీలుకాకపోతే కింద పార్కింగులోనే కోయించడానికి అసోసియేషన్ అనుమతి ముందే అడగాలి.

వైర్ల సంగతి రిబ్బులు నిలబెట్టక ముందే తేల్చాలి, ఎందుకంటే పైపొర అంటించాక లోపలికి చెయ్యి పోదు. రిబ్బుల వెనుక వైపున, గోడకు ఆనే చోట, 25 మి.మీ. గొట్టం పట్టేంత గాడి కోయించి రెండు గొట్టాలు వేయించండి: ఒకటి కరెంటుకు, ఒకటి ఇంటర్నెట్టు తీగకు. రెండూ ఒకే గొట్టంలో పోకూడదు. ప్రతి గొట్టంలోనూ ఒక నైలాను తాడు వదిలి ఉంచితే తరువాత కొత్త తీగ లాగడం సులువు. బల్ల మీద వెనుక అంచున, వంపు సన్నబడే చోట, అరచెయ్యి పట్టేంత పొడవున రెండు అంగుళాల వెడల్పు చీలిక ఉంచి దాని కింద తీగలు పడుకునే చిన్న తొట్టె బిగించండి. ప్లగ్గులన్నీ ఆ తొట్టెలోనే ఉంటాయి కాబట్టి గోడ మీద స్విచ్చుబోర్డు ఒక్కటి కూడా కనబడదు. ఇన్వర్టరు లైను ఒక పాయింటుకు విడిగా తెప్పించుకోండి.

దీపం గూడు సంగతి మీ అత్తగారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నూనె దీపం పెట్టే గూడు లోపల ప్లైవుడ్ ఉండకూడదు. ఆ ఒక్క గూటికి అడుగునా, పక్కలా, పైనా కడప రాయి పలకలు వేయించి, పైన కనీసం అడుగున్నర ఎత్తు ఖాళీ వదలండి. దానికి ఆనుకున్న గూడులో పుస్తకాలు పెట్టకండి. మీరు పక్కా కొలతలు రాసి పంపిస్తే రిబ్బుల కోత పట్టిక ఇక్కడే రాసి పెడతాను. ఏ మేస్త్రి చేసినా దాన్ని బట్టి చేయగలడు.